గుమ్మం నుంచి ఏది దగ్గర: కారా, బస్సా? 1,800 ఇళ్ల కాలనీ కేస్ స్టడీ

ఆ లేఅవుట్ మా చేతికి వచ్చేసరికి ఇళ్ల డిజైన్లు దాదాపు ఖరారైపోయాయి. నగరం అంచున పాత పెద్ద రోడ్డుకి ఆనుకుని 40 హెక్టార్ల స్థలం, అందులో 1,800 ఇళ్లు. రవాణా ప్రణాళికలు చేసే మమ్మల్ని బిల్డర్ పిలిచింది ట్రాఫిక్ రిపోర్ట్ కోసం. రోజుకి ఎన్ని కార్లు బయటికి వస్తాయి, గేటు దగ్గర జంక్షన్ ఎంత వెడల్పు చేయాలి, అంతవరకే మా పని. అయితే ప్రాజెక్టు పత్రాల మొదటి పేజీలో వాతావరణ లక్ష్యాలకు కట్టుబడి కడతామని ఒక హామీ ఉంది. గోడలకు వేడిని ఆపే మంచి ఇన్సులేషన్, పైకప్పుల మీద సోలార్ పలకలు, వాననీటి ట్యాంకులు అన్నీ పెట్టారు. ఆ పని నిజాయితీగా చేశారు, అది ముందే చెప్పాలి.

రాకపోకల గురించి మాత్రం ఉన్నదల్లా ఒకే ఒక్క వాక్యం: "బస్ స్టాప్ 350 మీటర్ల దూరంలో ఉంది."

ఆ 350 మీటర్లు ఎక్కడివో వెతికాను. మ్యాప్ మీద స్కేలు పెట్టి, కాలనీ మధ్య నుంచి పెద్ద రోడ్డు మీది స్టాప్ దాకా గీసిన గీత అది. ఆ గీత రెండు పెరళ్లు దాటి, ప్రహరీ గోడని చీల్చుకుని పోతోంది. కాలనీకి ఉన్నది ఒక్కటే గేటు, అది అవతలి మూల. నడిచే మనిషి ముందు ఆ గేటు దాకా వెళ్లి, అక్కడి నుంచి రోడ్డు వెంట మళ్లీ వెనక్కి రావాలి. అలా కొలిస్తే 1,200 మీటర్లు తేలింది. మామూలు నడక నిమిషానికి 80 మీటర్లు అనుకుంటే 15 నిమిషాలు. డిజైన్‌లో కారు నిలిపే చోటు మాత్రం గుమ్మానికి ఎనిమిది అడుగుల్లో ఉంది. ఈ రెండు దూరాలూ పక్కపక్కన రాసుకున్నాక, ఈ కాలనీలో ఎవరు దేంట్లో తిరుగుతారో చెప్పడానికి పెద్ద మోడల్ అక్కర్లేదనిపించింది.

మొదటి మీటింగ్‌కి ఒక లెక్క తీసుకెళ్లాను. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే కారు ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే సుమారు 670 లీటర్లు, అంటే ఒకటిన్నర టన్నులు. ఇంటికొక కారు చొప్పున వేసుకున్నా ఏటా 2,700 టన్నులు. పైకప్పుల మీద సోలార్ పలకలకి పత్రాల్లో పదహారు పేజీలు ఇచ్చారు, దీనికి ఒక్క వాక్యం. ఇది ఈ ఒక్క ప్రాజెక్టులో జరిగే పొరపాటు కాదు. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందమైన ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం 2019లో ప్రపంచ గ్రీన్‌హౌస్ వాయువుల్లో రవాణా నేరుగా వదిలినవి 15 శాతం, అందులో దాదాపు 70 శాతం రోడ్డు వాహనాలవే. అయినా "పచ్చని ఇల్లు" అనగానే మన కళ్లు గోడల మీదకీ పైకప్పు మీదకీ పోతాయి. ఆ ఇంట్లోంచి బయటికి ఎలా వెళతామన్నది వేరే శాఖ పని అనుకుంటాం.

"అందరూ ఎలక్ట్రిక్ కార్లకి మారిపోతారు కదా" అని బిల్డర్ తరఫువాళ్లు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. పొగ తగ్గుతుంది, సంతోషం. కానీ ఎలక్ట్రిక్ కారుకీ అంతే పార్కింగ్ చోటు కావాలి, అంతే రోడ్డు కావాలి. దాని బ్యాటరీ తయారీకి ఖర్చయ్యే ఇంధనం ఉంది, అది నడిచే కరెంటు ఎక్కడిదో చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పద్నాలుగేళ్ల పిల్ల దాన్ని నడపలేదు, చూపు తగ్గిన పెద్దాయన నడపలేడు. ఇంకో మాట కూడా ఆ రోజే చెప్పాను. గోడకి ఇన్సులేషన్ పదేళ్ల తర్వాతైనా వేసుకోవచ్చు. రోడ్డు ఒకసారి వేశాక దాని కింద పైపులు పడతాయి, పక్కన స్థలాలు రిజిస్టర్ అవుతాయి, ఇక దాన్ని కదిలించే నాథుడుండడు. అందుకే లేఅవుట్ ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే మాట్లాడాలని పట్టుబట్టాను.

బస్సు ముందు

మేం మొదట తీసుకెళ్లిన మార్పు ఇళ్ల జోలికి వెళ్లలేదు. కాలనీ మధ్యగా, ఈ చివర నుంచి ఆ చివరకి, పెద్ద రోడ్డుకి రెండు చోట్ల కలిసేలా ఒక వీధి అడిగాం. అందులో నడుమ ఒక చిన్న ముక్క బస్సులకీ, సైకిళ్లకీ, అంబులెన్సులకీ మాత్రమే. కారు రెండు వైపుల నుంచీ లోపలికి రాగలదు గానీ, ఆ ముక్క దాటి అవతలికి పోలేదు.

ఎందుకు ఇంత పట్టుదల అంటే, బస్సు నడిపేవాళ్ల లెక్క మీద ఇదంతా ఆధారపడి ఉంది. ఒకే గేటున్న కాలనీలోకి బస్సు రావాలంటే లోపలికి వెళ్లి, తిరిగి, వచ్చిన దారినే బయటపడాలి. మా కొలతల్లో ఒక్కో వైపు 6 నిమిషాలు అదనం. ఆ రూట్‌లో బస్సు వెళ్లి రావడానికి 60 నిమిషాలు పడుతుంది. పది నిమిషాలకొక బస్సు నడపాలంటే 6 బస్సులు చాలు. రాను 6, పోను 6 కలిపితే 72 నిమిషాలు, అప్పుడు 8 బస్సులు కావాలి. రెండు బస్సులు, వాటి డ్రైవర్లు, వాటి డీజిల్, అన్నీ మన గేటు ఒక్కటే కావడం వల్ల. పైగా రూట్ చివరి ఊళ్ల నుంచి వచ్చే ప్రయాణికులు ప్రతి రోజూ మన కాలనీ చుట్టూ ప్రదక్షిణ చేయాలి. ఏ డిపో మేనేజరైనా ఏం చేస్తారు? గంటకి రెండు బస్సులు లోపలికి పంపి, మిగతావి బయటి నుంచే పోనిస్తారు. అరగంటకొక బస్సు ఉంటే స్టాప్‌లో సగటున పావుగంట నిలబడాలి. అలాంటి బస్సుని గతిలేనివాళ్లే ఎక్కుతారు.

మధ్య వీధి వచ్చాక 1,800 ఇళ్లలో ఎక్కువ భాగం స్టాప్‌కి 400 మీటర్ల లోపు, అంటే 5 నిమిషాల నడకలో పడ్డాయి. ఈసారి దూరం గాల్లో గీసిన గీతతో కొలవలేదు. ప్రతి గుమ్మం నుంచీ నడిచే దారి వెంట కొలిచాం. జూనియర్లు ఇద్దరు వారం రోజులు దాని మీదే కూర్చున్నారు. ఆ పట్టికే తర్వాత మా వాదనలన్నిటికీ ఆధారమైంది.

పార్కింగ్ గొడవ

అసలు పోరాటం ఇక్కడ. మూడు నెలలు నడిచింది, టెన్షన్ కూడా బాగా పడ్డాం.

మొదటి డిజైన్‌లో ఇంటికి రెండు పార్కింగ్ చోట్లు, మొత్తం 3,600. కారు నిలిచే చోటు, దాన్ని తిప్పుకునే దారి కలిపితే ఒక్కోదానికి సుమారు 25 చదరపు మీటర్లు పడుతుంది. గుణిస్తే 90,000 చదరపు మీటర్లు, అంటే 9 హెక్టార్లు. 40 హెక్టార్ల కాలనీలో ఐదో వంతు కంటే ఎక్కువ నేల, రోజులో చాలా భాగం కదలకుండా ఉండే వాహనాల కోసం. ఆ నేల మీద 50 మిల్లీమీటర్ల వాన ఒక్కసారి పడితే 45 లక్షల లీటర్ల నీళ్లు ఇంకే దారి లేక కాలువల వైపు పరుగెడతాయి. మరి ఆ వాననీటి ట్యాంకులు ఎందుకు పెట్టినట్టు?

వియన్నాలో రవాణా ప్రణాళిక బోధించిన హెర్మన్ క్నోఫ్లాహర్ ఎన్నో ఏళ్లుగా ఒక మాట చెబుతూ వచ్చారు. ఇంటి నుంచి కారు నిలిపే చోటు, ఇంటి నుంచి బస్ స్టాప్ కంటే దగ్గర ఉండకూడదు. కనీసం రెండూ సమాన దూరంలో ఉండాలి. అప్పుడే మనిషి గుమ్మం దాటేటప్పుడు నిజంగా ఎంచుకుంటాడు, లేకపోతే ఎనిమిది అడుగుల్లో ఉన్న కారు అతని బదులు నిర్ణయం తీసేసుకుంటుంది. ఈ ఒక్క సూత్రాన్నే మేం లేఅవుట్ మీద పరిచాం. కార్లన్నీ కాలనీ రెండు అంచుల్లో కట్టే రెండు పార్కింగ్ భవనాల్లో. ఇళ్ల ముందు వీధుల్లో సామాను దించడానికి, పెద్దవాళ్లని ఎక్కించుకోవడానికి కారు రావచ్చు, నిలిచిపోకూడదు. నడవలేనివాళ్ల ఇళ్లకు మాత్రం గుమ్మం పక్కనే చోటు.

అమ్మకాల బృందం ఒక్కసారిగా లేచింది. కారు ఎదురుగా కనపడకపోతే ఇల్లు ఎవరు కొంటారని వాళ్ల భయం. అది వాళ్ల జీవనాధారం కాబట్టి ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. జర్మనీలో ఫ్రైబుర్గ్ నగరంలోని వౌబాన్‌ని అప్పుడే వాళ్ల ముందు పెట్టాను. 1992లో ఫ్రెంచ్ సైన్యం ఖాళీ చేసిన బ్యారక్‌ల స్థలం అది. దాదాపు మన స్థలమంతే ఉంటుంది, 5,000 మందికి పైగా ఉంటున్నారు. చాలా వీధుల్లో ఇళ్ల ముందు పార్కింగ్ లేదు. కారు కావాలనుకున్న కుటుంబం అంచున ఉన్న పార్కింగ్ భవనంలో చోటు విడిగా కొనుక్కోవాలి. ఇంటి ధరలో అది కలిసి ఉండదు. కారు లేనివాళ్లు లేదని సంతకం చేసి ఆ ఖర్చు తప్పించుకుంటారు. ఇళ్లు అమ్ముడుపోక మిగిలిపోలేదు.

వౌబాన్‌లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది నిబంధనని దాటిన తీరు. అప్పటి రాష్ట్ర చట్టం ప్రకారం ప్రతి ఇంటికీ పార్కింగ్ చూపించి తీరాల్సి ఉండేది. కారు లేని కుటుంబాలు ఒక సంఘంగా ఏర్పడి, భవిష్యత్తులో అవసరమైతే పార్కింగ్ కట్టుకోవడానికి ఒక స్థలం కొని పక్కన పెట్టారు. చట్టానికి స్థలం చూపించారు, కానీ కాంక్రీటు పోయలేదు. అక్కడ ఇప్పటికీ పచ్చికే ఉంది.

మా దగ్గర కూడా నిబంధన అదే: ఇంటికి ఇన్ని చోట్లు చూపించాలి. మేం అదే దారి పట్టాం. 1,200 చోట్లు నాలుగేసి అంతస్తుల రెండు భవనాల్లో కడతాం, నేల మీద అది 7,500 చదరపు మీటర్లే తీసుకుంటుంది. మిగిలిన వాటికి స్థలం రిజర్వ్ చేసి మైదానంగా వదులుతాం. ఐదేళ్ల తర్వాత లెక్కించి, నిజంగా చాలకపోతే అక్కడ కట్టుకోవచ్చు. అనుమతి ఇచ్చే అధికారులకి ఇది నచ్చింది, ఎందుకంటే వెనక్కి వచ్చే దారి మూసుకుపోలేదు. నేల కింద పార్కింగ్ కడదామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. గట్టిగా వద్దన్నాను. తవ్వకం, కాంక్రీటు, ఉక్కు కలిపి ఇల్లు కట్టకముందే బోలెడంత కర్బన భారం మీద పడుతుంది, పైగా రేపు కార్లు తగ్గినా ఆ చీకటి నేలమాళిగ దేనికీ పనికిరాదు. నేల పైన, వాలు లేని సమతల అంతస్తులతో, తగినంత ఎత్తుతో కడితే రేపు దాన్ని వర్క్‌షాపుగానో ఆఫీసుగానో మార్చుకోవచ్చు. అలాగే కట్టారు.

ఫైర్ సర్వీస్ వాళ్ల అభ్యంతరం వేరు. వీధులు ఇరుకైతే బండి తిరగదన్నారు. కాగితాల మీద వాదించడం మానేసి, ఒక ఖాళీ మైదానంలో సున్నంతో వీధుల వెడల్పూ మలుపులూ గీసి, వాళ్ల బండినే పిలిపించాం. రెండు మలుపుల్లో చక్రం గీత దాటింది, ఆ రెండూ మార్చాం. మిగతావి ఒప్పుకున్నారు. నా పాతికేళ్ల పనిలో ఇంత సూటిగా తేలిన వివాదం ఇంకోటి లేదు.

నడకదారులు, బడి

నెదర్లాండ్స్‌లో హౌటెన్ అనే పట్టణం ఉంది. 1970లలో దాన్ని పెంచేటప్పుడే సైకిల్‌ని మధ్యలో పెట్టి గీశారు. ఒక పేట నుంచి పక్క పేటకి కారులో పోవాలంటే ముందు బయటి రింగ్ రోడ్డెక్కి చుట్టి రావాలి, సైకిల్ మీద అయితే సూటిగా మధ్యలోంచి పోవచ్చు. బడులు ఆ సైకిల్ దారుల పక్కనే ఉంటాయి. మన లేఅవుట్‌లో కూడా వీధి చివర గోడ వచ్చిన ప్రతిచోటా మూడు మీటర్ల నడకదారి తెరిచాం. కారుకి అది దారి మూసుకున్న వీధి, నడిచేవాళ్లకి దారి సాగుతూనే ఉంటుంది. ప్రాథమిక పాఠశాలని మొదట గేటు పక్కన పెట్టారు, కార్లు వచ్చి పోవడానికి సులువని. దాన్ని మధ్య వీధి దగ్గరకి జరిపాం. పిల్లలు ఒక్క పెద్ద రోడ్డు కూడా దాటకుండా బడికి చేరగలగాలి, అదొక్కటే కొలమానం పెట్టుకున్నాం. మధ్య వీధిలో వేగం గంటకి 30 కిలోమీటర్లు. చెట్లు పడమటి ఎండ కొట్టే వైపు పెట్టమని ల్యాండ్‌స్కేప్ వాళ్లని అడిగాం, ఎందుకంటే నీడ లేని 400 మీటర్లు ఎండాకాలంలో కిలోమీటరంత అనిపిస్తాయి.

తప్పు ఎక్కడ జరిగింది

ఇంతవరకు చదివినవాళ్లకి అంతా సవ్యంగా నడిచిందనిపించవచ్చు. నడవలేదు. తప్పులో నా భాగం కూడా ఉంది కాబట్టి వివరంగా రాస్తాను.

లేఅవుట్ మీద ఎంత కొట్లాడామో, ఏ ముక్క ముందు కడతారన్న దాని మీద అంత శ్రద్ధ పెట్టలేదు. నిర్మాణం మూడు విడతలు. మొదటి విడతని పెద్ద రోడ్డు నుంచి చూస్తే కనపడే మూలలో మొదలుపెట్టారు, ప్రచారానికి బాగుంటుందని. మధ్య వీధి రెండో విడతలో ఉంది. అంటే మొదటి కుటుంబాలు దిగేసరికి ఆ వీధి ఇంకా మట్టి దిబ్బ. బస్సు లోపలికి రాదు. స్టాప్‌కి వెళ్లే నడకదారి నిర్మాణ స్థలంలోంచి పోతుంది కాబట్టి రేకులు అడ్డం పెట్టి మూసేశారు. మేం కాగితం మీద 300 మీటర్లకి తెచ్చిన దూరం వాళ్ల పాలిట మళ్లీ కిలోమీటరు దాటింది. తెరిచి ఉన్నది ఒక్కటే, పార్కింగ్ భవనం.

ఆ రోజుల్లో ఒకావిడ నాతో అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది. "అమ్మా, బస్సుంటుందని చెప్పి ఇల్లిచ్చారు. మూడు నెలలు చూశాం. పిల్లాడి కాలేజీ టైముకి అందుకోలేక అప్పు చేసి కారు కొన్నాం. ఇప్పుడు బస్సు వచ్చినా ఆ కారుని ఏం చేసుకోవాలి?" ఆమెకి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇది ఊహించి ఉండాల్సిందే. ఇల్లు మారిన కొత్తలో మనిషి అలవాట్లు కాస్త వదులుగా ఉంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. బాస్ వెర్‌ప్లాంకెన్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పర్యావరణం మీద పట్టింపు ఉన్న ఉద్యోగుల్లో ఈ మధ్యే ఇల్లు మారినవాళ్లు, మారనివాళ్ల కంటే తక్కువగా కారు వాడారు. కొత్త ఇంట్లో మొదటి వారాల్లో ఆఫీసుకి ఎలా వెళతారో, బడికి ఎలా పంపుతారో అదే స్థిరపడిపోతుంది. అలవాట్లు ఇంకా వదులుగా ఉన్న ఆ వారాల్లో మేం వాళ్లకి ఇచ్చింది మట్టి దిబ్బ. వౌబాన్‌లో ట్రామ్ 2006లో గానీ రాలేదు, కానీ తొంభైల చివర్లో దిగిన కుటుంబాలకి అంతదాకా బస్సు ఉంది. ఆ సంగతి అమ్మకాల వాళ్లకి వాదన కోసం చెప్పిన నేను, నా ప్రాజెక్టు క్రమంలో దాన్ని పెట్టుకోవడం మరిచాను.

రెండో విడతకి ఒప్పందం మార్పించాం. మధ్య వీధి మీద తారు పడి, స్టాప్ నిలబడి, బస్సు తిరగడం మొదలయ్యాకే ఇళ్ల తాళాలు ఇవ్వాలి. బస్సులు మొదట్లో ఖాళీగా తిరుగుతాయి కదా, ఆ నష్టం ఎవరు భరించాలన్నది పెద్ద చర్చ. చివరికి బిల్డర్ మొదటి రెండేళ్ల లోటు భరించడానికి ఒప్పుకున్నాడు. పార్కింగ్ భవనంలో ఒక అంతస్తు తక్కువ కట్టడంతో మిగిలిన డబ్బు అందుకు సరిపోయింది. తాళాలు ఇచ్చే రోజే ప్రతి కుటుంబంతో ఒక మనిషి కూర్చుని, వాళ్ల ఆఫీసు, కాలేజీ, ఆసుపత్రి అడిగి, ఏ బస్సు ఎన్ని గంటలకో రాసిచ్చాడు. మొదటి నెల పాస్ ఉచితం. ఇవి చిన్న పనులే, కానీ రెండో విడత వీధుల్లో పొద్దున్నే నిలబడితే తేడా కంటికి కనపడుతుంది. స్టాప్‌లో స్కూలు బ్యాగులు, టిఫిన్ సంచులు, పక్కింటివాళ్ల కబుర్లు. మొదటి విడత మూలలో మాత్రం ఇప్పటికీ పార్కింగ్ భవనం గేటు దగ్గర వరస.

ఇంకో సమస్య మిగిలే ఉంది. పార్కింగ్ చోటు కొనని కొందరు కార్లు పెట్టుకుని, వాటిని పక్క కాలనీ వీధుల్లో నిలుపుతున్నారు. ఆ పాత కాలనీవాళ్ల కోపం న్యాయమైనదే, మన ప్లాన్ భారం వాళ్ల గుమ్మాల ముందు పడకూడదు. వాళ్ల వీధులకి స్థానికుల పర్మిట్ పెట్టడానికి ప్రతిపాదన ఇచ్చాం. బదులుగా వాళ్లు కూడా మన మధ్య వీధి స్టాప్‌కి నడిచి వచ్చేలా ఉమ్మడి గోడలో ఒక దారి తెరవమని అడిగాం. అది తెరిస్తే వాళ్లలో చాలామందికి స్టాప్ 250 మీటర్లే. సగం మంది సరే అన్నారు, దొంగల భయంతో సగం మంది వద్దన్నారు. వచ్చే నెల ఒక వారం పాటు పగటి పూట మాత్రమే తెరిచి చూద్దామన్న దాని మీద రెండు కాలనీల పెద్దలు కూర్చుంటున్నారు. మూడో విడత పునాదులు ఆ గోడ పక్కనే మొదలవుతాయి కాబట్టి, అప్పటికి తేలకపోతే దారి కోసం వదిలిన మూడు మీటర్లు రెండు ఇళ్ల పెరళ్లలో కలిసిపోతాయి. అందుకని ఆ ముక్కని ఇప్పుడే విడి సర్వే నంబరుగా రాయించి పెట్టాం.